మూలపడ్డ గ్రామఫోనును మళ్లీ పాడించడం

కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనుకు కరెంటుతో పని లేదు. ఒక ఉక్కు స్ప్రింగు, నాలుగైదు పళ్లచక్రాలు, వేగాన్ని అదుపులో పెట్టే గవర్నరు, తిరిగే పళ్లెం, గాడిలో నడిచే ముల్లు, ఆ ముల్లు వణుకును ధ్వనిగా మార్చే సౌండ్ బాక్స్, ఆ ధ్వనిని గది నిండా పరిచే బాకా. సరంజామా అంతే. అందుకే డెబ్బై ఎనభై ఏళ్లు అటక మీద పడి ఉన్న పెట్టె కూడా చాలాసార్లు మళ్లీ పాడుతుంది. అదే వయసు రేడియో గురించి ఇంత ధీమాగా చెప్పలేం. పాత గ్రామఫోన్లు వాడకం వల్ల అరిగిపోయేది తక్కువ. కొన్ని వాడక బిగుసుకుపోతాయి. ఇంకొన్ని ఇన్నేళ్లూ బాగానే ఉండి, దొరికిన రోజునే ఉబలాటం కొద్దీ హ్యాండిల్ పట్టుకుని తిప్పినవాళ్ల చేతిలో విరుగుతాయి. అందుకని బాగుచేసే పనిలో మొదటి రోజు చేయవలసింది ఏమీ చేయకుండా చూడటమే.

దొరికింది ఏమిటో తేల్చుకోవడం

ఇళ్లలో తరచుగా కనిపించేది సూట్‌కేసులా మూత వేసి మోసుకెళ్లే రకం. 'కుక్క బొమ్మ' కంపెనీగా జనం పిలుచుకున్న హిజ్ మాస్టర్స్ వాయిస్ 1925లో తెచ్చిన 101, 1931లో తెచ్చిన 102 మోడళ్లు ఈ కోవలో ప్రసిద్ధమైనవి. నల్ల రెక్సిన్ అంటించిన చెక్కపెట్టె, లోపల పళ్లెం, పెట్టె లోపలే దాగిన బాకా. రెండో రకం బల్ల మీద పెట్టుకునే చెక్కపెట్టె. దీనికీ బాకా లోపలే ఉంటుంది. మూడోది బయటికి పెద్ద బాకా విచ్చుకుని ఉండేది. సినిమాల్లో కనిపించేదీ, పాతసామాన్ల కొట్లలో ఎక్కువ ధర పలికేదీ ఇదే. మోసం ఎక్కువగా జరిగేదీ ఇందులోనే.

ముంబై, ఢిల్లీ, జైపూర్ లాంటి ఊళ్ల పాతసామాన్ల బజార్లలో ఇత్తడి బాకాల గ్రామఫోన్లు కొల్లలుగా దొరుకుతాయి. వాటిలో చాలావరకు విరిగిన సూట్‌కేసు గ్రామఫోన్ల యంత్రాన్ని పీకి, కొత్తగా కొట్టించిన పెట్టెలో బిగించి, పైన తళతళలాడే బాకా తగిలించినవి. పెట్టె మీద కుక్క బొమ్మ అవసరానికి మించి పెద్దగా ఉండటం, బాకాను పట్టి ఉంచే వెనక కమ్మీ మోటుగా పోతపోసి ఉండటం, బాకా పాతదంటూనే ఎక్కడా ఒక్క సొట్ట లేకపోవడం దీని గుర్తులు. బాకా ఎంత మెరిస్తే అనుమానం అంత పెరగాలి. ఇలాంటిదాని పెట్టె మీద, బాకా మీద డబ్బు తగలేయడం దండగ. లోపలి యంత్రం మాత్రం అసలుదే కావచ్చు కాబట్టి దాన్ని బాగుచేసి వాడుకోవచ్చు.

రకం తేలాక తాకకుండా పరీక్షించాలి. అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకోవాలి. తర్వాత ఈ ఫొటోలే దిక్కు. సౌండ్ బాక్స్, హ్యాండిల్, పళ్లెం, గవర్నరు ఉన్నాయా అన్నది చూడాలి. ఈ నాలుగింటిలో రెండు లేకపోతే ఆ పెట్టెను బాగుచేయడం కంటే ఇంకో పెట్టెకు విడిభాగాల కింద వాడుకోవడం మేలు. ఆ తర్వాత హ్యాండిల్‌ను తొడిగి పావు చుట్టు తిప్పి చూడాలి, అంతకు మించి కాదు. క్రమంగా బిగుస్తున్నట్టు చేతికి తెలిస్తే స్ప్రింగు బతికే ఉంది. గాలిలో తిరిగినట్టు ఊరికే తిరుగుతుంటే స్ప్రింగు విరిగింది, లేదా దాని కొస కొక్కెం నుంచి ఊడింది. అసలు కదలకపోతే రెండు కారణాలుండవచ్చు. గ్రీజు రాయిలా గట్టిపడి ఉండవచ్చు. లేదా ఎప్పుడో ఎవరో పూర్తిగా కీ ఇచ్చి వదిలేసిన స్ప్రింగు, గవర్నరు పట్టేయడంతో, ఇన్నేళ్లుగా అలాగే బిగిసి కూర్చుని ఉండవచ్చు. రెండోది ప్రమాదకరం. అలాంటప్పుడు మొదట గవర్నరును విప్పితే, అడ్డు తొలగిన స్ప్రింగు తన శక్తినంతా ఒక్క క్షణంలో వదిలేస్తుంది. పళ్లచక్రాల పళ్లు రాలిపోతాయి, మధ్యలో వేలు ఉంటే అదీ పోతుంది.

స్ప్రింగులో బిగువు ఉన్నంతసేపూ గవర్నరు మీద చెయ్యి వేయకూడదు. ఇరుసులు తిరిగే ప్రతి చోటా ఒక్కో చుక్క కిరసనాయిలు గానీ పల్చటి నూనె గానీ వేసి, ఒక రాత్రి ఆగి, బ్రేకు తీసి పళ్లేన్ని వేలితో మెల్లగా కదపాలి. పట్టు వదిలితే దానంతటది తిరిగి తిరిగి ఆగిపోయేదాకా ఉండనివ్వాలి. ఒక రాత్రికి వదలకపోతే వారం ఆగాలి. తొందర పెట్టి బాగుపడిన గ్రామఫోను లేదు.

యంత్రం

విప్పడానికి ఒక వరస ఉంది. ముందు సౌండ్ బాక్స్ తీసి దూది మీద పెట్టి దూరంగా ఉంచాలి. తర్వాత పళ్లేన్ని రెండు పక్కలా పట్టుకుని నిట్టనిలువుగా ఎత్తాలి. రాకపోతే ఎత్తి పట్టుకుని, మధ్యలోని ఇరుసు తల మీద చెక్కముక్క పెట్టి చిన్నగా తట్టాలి. ఒక పక్క నుంచి స్క్రూడ్రైవరుతో పైకి లేపితే పళ్లెం వంగుతుంది, ఇక జన్మలో సమంగా తిరగదు. ఆ తర్వాతే పైచెక్క స్క్రూలు. ఒక అట్టముక్క మీద పైచెక్క బొమ్మ గీసి, ఏ మూల స్క్రూను ఆ మూలే గుచ్చి ఉంచితే మళ్లీ బిగించేటప్పుడు వెతుకులాట తప్పుతుంది.

యంత్రాన్ని బయటికి తీశాక కనిపించే నల్లటి జిగురు పాత నూనే. కొబ్బరినూనె, వంటనూనె పోసిన యంత్రాలైతే బంక పట్టి మరీ అధ్వానంగా ఉంటాయి. ఈ నూనెలు చిక్కబడి చివరికి గట్టి బంకగా మారతాయి, మొదటి వారం మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తాయి. ఇంట్లో దొరికిన నూనె పోయడం వల్ల చెడిన గ్రామఫోన్లు తుప్పుతో చెడినవాటికి ఏమీ తీసిపోవు. చక్రాలను విడదీసి కిరసనాయిల్లో నానబెట్టి, పాత పళ్లబ్రష్షుతో రుద్ది, పళ్ల సందుల్లో ఇరుక్కున్న మట్టిని వెదురుపుల్లతో తీయాలి. పెట్రోలు జోలికి పోకూడదు. శుభ్రమైన బట్టతో తుడిచి ఆరనిచ్చాక ఇరుసులకు కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క, పళ్లచక్రాలకు పల్చగా గ్రీజు పెడితే చాలు. ఎక్కువైన నూనె దుమ్మును పిలుస్తుంది.

గవర్నరు ఈ యంత్రానికి బుర్ర లాంటిది. సన్నటి ఇరుసు చుట్టూ మూడు లోహపు గుండ్లు, ఒక్కొక్కటీ ఒక రేకు స్ప్రింగుకు బిగించి ఉంటాయి. ఇరుసు వేగం పెరిగేకొద్దీ గుండ్లు బయటికి విచ్చుకుంటాయి, వాటితోపాటు ఒక చిన్న చక్రం పక్కకు జరిగి తోలు గానీ ఫెల్టు గానీ అంటించిన మెత్తను ఒరుసుకుంటుంది. ఆ రాపిడికి వేగం తగ్గుతుంది, తగ్గగానే గుండ్లు ముడుచుకుంటాయి. ఇది నిరంతరం జరుగుతూనే ఉంటుంది కాబట్టి పాట నిలకడగా వస్తుంది. పైన ఉండే వేగం మీట చేసేది ఆ మెత్తను కాస్త ముందుకో వెనక్కో జరపడమే. మూడు రేకుల్లో ఏ ఒక్కటి విరిగినా, వంగినా పాట ఊగిసలాడుతుంది. విరిగినది ఒక్కటే అయినా మూడూ ఒకేసారి మార్చాలి. పాతవి రెండూ కొత్తది ఒకటీ కలిస్తే బరువు ఒకవైపుకు లాగి యంత్రం గురగురమంటుంది. బిగించేటప్పుడు ఇరుసును అటూ ఇటూ కదిపితే చేతికి తెలిసీ తెలియనంత ఆట ఉండాలి. ఆట లేకపోతే పట్టేస్తుంది, ఎక్కువైతే మోత. ఆరిపోయిన మెత్త కీచుమంటుంది. దానికి ఒక్క చుక్క నూనె మందు.

ఇక స్ప్రింగు. పాట మధ్యలో స్ప్రింగు చుట్టి ఉంచిన డబ్బా లోపలి నుంచి 'ధబ్' మని చప్పుడొచ్చి పళ్లెం ఒక్కసారి అదిరితే చాలామంది స్ప్రింగు పోయిందని బెంగపడతారు. నిజానికి గ్రీజు ఎండిపోయి చుట్లు ఒకదానికొకటి అంటుకుని, విడిపోయేటప్పుడు గెంతుతున్నాయంతే. దీనికి డబ్బా విప్పి కడగక తప్పదు. ఈ మొత్తం పనిలో మనిషికి దెబ్బ తగిలే అవకాశం ఎక్కువగా ఉన్న ఘట్టం ఇదే. ధైర్యం చాలనివారు అనుభవమున్న గడియారాల మెకానిక్కుకు డబ్బా అప్పగించడంలో చిన్నతనం ఏమీ లేదు.

డబ్బాలో చుట్టుకుని ఉన్న స్ప్రింగు వెడల్పు అంగుళం దాకా, పొడవు మనిషి ఎత్తుకు మించి ఉంటుంది. కీ పూర్తిగా దిగిపోయినా దానిలో బిగువు మిగిలే ఉంటుంది, ఎందుకంటే డబ్బా దాన్ని విచ్చుకోనివ్వడం లేదు. తోలు చేతొడుగులు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. ఆరుబయట, పిల్లలు లేని చోట, గోనెసంచి పరుచుకుని కూర్చోవాలి. మూత తీయగానే ముందు చూడవలసింది చుట్టు ఏ వైపు తిరిగి ఉందన్నది. దాన్ని కాగితం మీద గీసుకోవాలి. తర్వాత ఎడమ అరచేత్తో డబ్బా నోటిని అదిమిపట్టి, కుడిచేత్తో లోపలి కొసను పట్టకారుతో పట్టుకుని, ఒక్క చుట్టు మాత్రమే వేళ్ల మధ్య నుంచి బయటికి రానివ్వాలి. ఆగి, ఇంకో చుట్టు. అరచెయ్యి సడలితే మిగతా చుట్లన్నీ పాము పడగ విప్పినట్టు ఒక్కసారిగా మీదికి వస్తాయి. బయటి కొస దగ్గరికి వచ్చాక డబ్బా గోడకున్న కొక్కెం నుంచి తప్పించాలి.

కిరసనాయిలుతో కడిగి తుడిచిన స్ప్రింగును ఎండలో పట్టి మూరమూరకూ చూడాలి. సన్నటి వెంట్రుక లాంటి చీలిక ఎక్కువగా రెండు కొసల్లో, కొక్కేనికి తగిలే కన్నం దగ్గర కనిపిస్తుంది. బయటి కొసలో చివర మాత్రమే విరిగితే, ఆ చివరి అంగుళాన్ని ఎర్రగా కాల్చి నెమ్మదిగా చల్లారనిచ్చి, మెత్తబడ్డ ఉక్కులో కొత్త కన్నం వేసుకోవచ్చు. ఒకటి రెండు చుట్ల బలం తగ్గుతుందంతే. మధ్యలో విరిగితే అతుకు పనికిరాదు, కొత్తది వేయాల్సిందే. సైజు చెబితే కొత్త స్ప్రింగులు చేసి ఇచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. వెడల్పు, మందం, పొడవు, కొసల్లోని కన్నాల తీరు, ఈ నాలుగూ కొలిచి రాసుకోవాలి. తిరిగి ఎక్కించడం బయటి కొస నుంచి మొదలవుతుంది. కొక్కేనికి తగిలించి, గీసుకున్న బొమ్మ ప్రకారం అదే వైపుకు ఒక్కో చుట్టూ లోపలికి నొక్కుకుంటూ పోవాలి. వేళ్లు నొప్పి పుడతాయి, మధ్యలో వదలడానికి వీల్లేదు. ఎక్కాక గ్రాఫైట్ గ్రీజు రెండు చెంచాలు చాలు. డబ్బా నింపేస్తే అది కారి పళ్లెం కింద చేరుతుంది.

గొంతు

యంత్రం చక్కగా తిరుగుతున్నా పాట బొంగురుగా, నూతిలోంచి వచ్చినట్టు వినిపిస్తే తప్పు సౌండ్ బాక్స్‌ది. గుండ్రటి డబ్బీ లాంటి దీనిలో ఒక పల్చటి రేకు ఉంటుంది. పాత 'ఎగ్జిబిషన్', నంబర్ 4 రకాల్లో అది అభ్రకం. 102 పెట్టెతో వచ్చిన 5ఎ, 5బి రకాల్లో అల్యూమినియం. అభ్రకం తెలుగువారికి కొత్త కాదు, గూడూరు పరిసరాల గనులు దానికే పేరు పడ్డాయి. ఈ రేకు అంచులు రెండు రబ్బరు చుట్టల మధ్య కూర్చుని, నడిమిభాగం స్వేచ్ఛగా కదలాలి. ఎనభై ఏళ్లకు ఆ రబ్బరు కట్టెపుల్లలా గట్టిపడుతుంది. అప్పుడు రేకు వణకదు, గీరుకుంటుంది.

అభ్రకం రకానికి మందు సైకిలు షాపులో ఉంది. వాల్వు ట్యూబు పేరుతో అమ్మే సన్నటి మెత్తటి రబ్బరు గొట్టం దీనికి సరిగ్గా సరిపోతుంది. పాత రబ్బరును గోరుతో, వెదురుపుల్లతో పెళ్లలుగా తీసేయాలి. కత్తి పెడితే అభ్రకం పొరలు లేస్తాయి. కొత్త గొట్టాన్ని లోపలి అంచు చుట్టూ పరిచి, రెండు కొసలూ ఒకదానికొకటి ఆనేలా, సందు లేకుండా, మీదికి ఎక్కకుండా బ్లేడుతో నిలువుగా కోయాలి. వెంట్రుకవాసి సందున్నా గాలి పోయి గొంతు పీలగా వస్తుంది. గొట్టం, రేకు, మళ్లీ గొట్టం, ఆపైన మూత. ఎదురెదురు స్క్రూలను కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి. ముల్లు పట్టే కమ్మీ కొస రేకు మధ్యలోని కన్నం దగ్గరికి దానంతటది వచ్చి నిలవాలి. లాగితేనో నొక్కితేనో అందే పరిస్థితి ఉంటే రేకు ఎప్పుడూ బిగిసి ఉంటుంది, పెద్ద స్వరం రాగానే జీరబోతుంది. అందాక చిన్న స్క్రూ బిగించి, దాని మీద కరిగిన తేనెమైనం ఒక్క బొట్టు వేస్తే గాలి దూరదు. ఒక ముల్లు తొడిగి వేలితో మీటితే బాకా లోంచి స్పష్టంగా 'టక్' మనాలి.

5ఎ, 5బి రకాలను కొత్తవారు విప్పకపోవడం మంచిది. అల్యూమినియం రేకు కాగితం కంటే సుకుమారం, వేలి ఒత్తిడికే సొట్టపోతుంది. పైగా కమ్మీ తిరిగే చోట చాలా చిన్న ఉక్కు గోళీలు ఉంటాయి, నేల మీద పడితే దొరకవు. అలాగే నంబర్ 4 వెనకపళ్లెం లాంటి కొన్ని భాగాలు జింకు కలిసిన పోతలోహంతో చేసినవి. ఆనాటి పోతలో సీసం లాంటి మలినాలు కలిసినచోట ఆ లోహం ఏళ్ల తరబడి ఉబ్బి, చీలికలు పడి, బిస్కత్తులా పొడి అవుతుంది. పట్టేసిందని సుత్తి దెబ్బ వేస్తే రెండు ముక్కలవుతుంది. దీన్ని వెల్డింగుతో అతికించే దారి లేదు, వేరే భాగం వెతుక్కోవాలి.

సౌండ్ బాక్స్ నుంచి బాకా దాకా గాలి తప్పించుకునే సందు ఎక్కడా ఉండకూడదు. సౌండ్ బాక్స్‌ను టోన్ ఆర్మ్ అనే లోహపు గొట్టానికి కలిపే రబ్బరు గట్టిపడితే మార్చాలి. గొట్టం మలుపు తిరిగే కీలు దగ్గర చిక్కటి గ్రీజు పల్చగా పూస్తే సందూ మూసుకుంటుంది, కదలికా సాఫీ అవుతుంది.

పైరూపు

పెట్టె పని చివర్లో పెట్టుకోవాలి, అదీ తక్కువగా. ఎక్కువ నష్టం శ్రద్ధ ఎక్కువైనవారి వల్లే జరుగుతుంది. పాత చెక్కకు స్పిరిట్‌లో లక్క కరిగించి చేసిన ఫ్రెంచి పాలిష్ ఉంటుంది కాబట్టి స్పిరిట్‌తో తుడిస్తే మురికితోపాటు పాలిషూ లేచిపోతుంది. గరుకు కాగితం పెడితే కుక్క బొమ్మ అచ్చు పోతుంది, అది పోతే తిరిగి రాదు. తడి పిండేసిన మెత్తటి గుడ్డ, తర్వాత కొంచెం మైనం, అంతటితో ఆపాలి. రెక్సిన్‌కు నల్ల బూట్‌పాలిష్ చాలు. చింతపండుతో తోమే అలవాటు ఇత్తడి బిందెకు సరే గానీ, నికెల్ పూత పూసిన టోన్ ఆర్మ్‌కు పనికిరాదు. మెరుస్తుందనుకుని తోమితే పూత పోయి కింది ఇత్తడి పసుపుపచ్చగా బయటపడుతుంది. చెదలు పట్టిన చెక్కను మాత్రం ఉపేక్షించకూడదు, పాడైన ముక్క వరకు వడ్రంగి చేత మార్పించాలి.

పాట

అన్నీ బిగించాక వేగం సరిచూసుకోవాలి. రికార్డు కింద అంచున చిన్న కాగితం ముక్క పెట్టి, ముల్లు గాడిలో ఉండగానే, నిమిషానికి ఆ కాగితం ఎన్నిసార్లు ముందుకొచ్చిందో లెక్కపెడితే 78 రావాలి. ముల్లు లేకుండా లెక్కపెట్టడం తప్పు, ముల్లు బరువుకు వేగం కాస్త తగ్గుతుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే 77 గీతల స్ట్రోబ్ చక్రం వాడవచ్చు. మన 50 సైకిళ్ల కరెంటుతో వెలిగే పాతకాలపు చోకు ట్యూబ్‌లైటు కింద ఆ గీతలు కదలకుండా నిలిచినట్టు కనిపిస్తే వేగం సరిగ్గా ఉన్నట్టే. కొత్త ఎల్ఈడీ బల్బుల్లో చాలావాటి కింద ఇది పనిచేయదు. ఐదారు శాతం తేడా చిన్నదిగా తోస్తుంది గానీ, 78కి బదులు 82, 83 చుట్లు తిరిగితే పాట అర శ్రుతి పైకి పోతుంది. రంగస్థల గాయకుడు కపిలవాయి రామనాథశాస్త్రి పద్యమైనా సరే, రాగం తీయగానే గొంతు పీలగా మారినట్టు చెవికి తెలిసిపోతుంది.

ఆ కాలపు రికార్డులు లక్కతో, రాతిపొడితో చేసినవి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది కాబట్టి వీటినీ స్పిరిట్‌తో తుడవకూడదు. పల్చటి సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్షు, మధ్యలోని కాగితం చీటీ తడవకుండా జాగ్రత్త చాలు. తర్వాత వచ్చిన వినైల్ ఎల్పీని ఈ యంత్రం మీద ఒక్కసారి పెట్టినా ఆ బరువైన సౌండ్ బాక్స్ దాని సన్నటి గాడిని చెక్కేస్తుంది. ప్రతి పాటకు ముందు కీ ఇవ్వాలి, గట్టిగా తగిలేదాకా తిప్పకూడదు. వినడం అయిపోయాక స్ప్రింగును పూర్తిగా దిగిపోనిచ్చి మూత వేయాలి.

ఉక్కు ముల్లు మాత్రం ఒక పక్కకే. రికార్డులోని రాతిపొడి ముల్లు కొసను మొదటి కొన్ని చుట్లలోనే గాడి ఆకారానికి అరగదీస్తుంది. పాట అయ్యేసరికి ఆ కొసకు ఉలి అంచు వస్తుంది, రెండో పాటకు అదే గాడిని కోస్తుంది. రెండు వందల ముళ్ల డబ్బీ ఖరీదు కంటే ఒక్క మంచి రికార్డు ఖరీదు ఎక్కువ, పైగా పోయిన రికార్డు దొరకదు. ఇంకొక్క పాటకు ఆ ముల్లే ఉండనిద్దామని ఇంట్లో ఎవరు అడిగినా ఒప్పుకోకూడదు.